"ఎందుకు మానేశారు?"

కంపెనీ తీసివేయగా ఇంటికి వచ్చిన కుర్రాణ్ణి ఇంటర్వ్యూలో ఎక్కువగా భయపెట్టేది ఈ ప్రశ్నే. "నేనే మానేశానని చెప్పరా, వాళ్ళకెలా తెలుస్తుంది?" అనే మేనమామలు ప్రతి విచారణలోనూ ఉన్నారు. ప్రావిడెంటు ఫండు ఖాతాలో చేరిన తేదీ, వెళ్ళిన తేదీ కనబడతాయి కనుక తెలియకపోవడం అంత సులువేమీ కాదు. అయినా దొరికిపోతామన్న భయం వేరు, తప్పా ఒప్పా అన్న విచారణ వేరు.

ప్రాణానికో ధనానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు బొంకినా దోషం లేదని పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెబుతాడు. బలి ఆ సలహా వినలేదన్న సంగతి మాత్రం మనం త్వరగా మరచిపోతాం.

అసలు ఉద్యోగం పోవడం నేరమా? 2023 జనవరిలో గూగుల్ సంస్థ ప్రపంచమంతటా సుమారు 12,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. వారందరూ పనిదొంగలేనా? మన దేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, కార్మికులను తగ్గించవలసి వస్తే సాధారణంగా ఆఖరున చేరినవారిని ముందు పంపాలన్నది. అక్కడ చూసింది చేరిన తేదీనే గాని పనితనాన్ని కాదు. అటువంటిదాన్ని దాచడానికి అబద్ధమాడితే, లేని నేరాన్ని మనమే నెత్తిన వేసుకున్నట్లు.

అలాగని సమస్తమూ విప్పి చెప్పాలా? అక్కరలేదు. తెలుసుకొనే హక్కు లేనివారికి సత్యాన్ని వెల్లడించే బాధ్యత ఎవరికీ లేదని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం చెబుతున్నది. అబద్ధాన్ని ఎన్నడూ ఒప్పుకోని పునీత అక్వినాసు తోమాసుగారు సైతం వివేకంతో సత్యాన్ని మరుగుపరచవచ్చన్నారు. పాత మేనేజరుతో పడ్డ మాటలు, తాకట్టులో ఉన్న అమ్మ గాజులు ఇంటర్వ్యూ చేసేవారికి అనవసరం. "మా విభాగం మూసివేశారు, అందులో నేనూ ఉన్నాను, ఈ ఐదు నెలలు ఫలానా పని నేర్చుకున్నాను" అంటే చాలు.

చిక్కంతా ఇంకొకచోట ఉంది. విభాగంలో సగంమందిని ఉంచి, పని సరిగా లేదని మిగతా సగాన్ని పంపితే? అప్పుడు "విభాగం తగ్గించారు" అన్న మాట అక్షరాలా నిజమే. కాని వినేవాడు పొరబడాలనే అంటున్నాం. నా మట్టుకు అది అబద్ధానికి దగ్గర చుట్టమే. పనిలో లోటేమిటని సూటిగా అడిగినప్పుడు ఆ లోటు చెప్పి, దిద్దుకున్న తీరు కూడా చెప్పాలి. ఉద్యోగం రాకపోవచ్చు. ఆ నష్టం చిన్నదని నేననను. ఫీజులు కట్టవలసిన ఇంటికి అది చాలా పెద్దది.

బల్లకు అటువైపు కూర్చునేవారిలోనూ మన విచారణలవారున్నారు. పని మనిషి కోసమేగాని మనిషి పని కోసం కాదని పోపు రెండవ జాన్ పాల్ గారు 1981లో తమ విశ్వలేఖలో బోధించారు. ఉద్యోగం పోయినవాడు గనుక తక్కువకే వస్తాడని లెక్కవేసి జీతం కోసేవారు, నిజం చెప్పినవాణ్ణి ఆ నిజంతోనే కొడుతున్నారు. మేనమామ సలహాకు బలం వచ్చేది అక్కడే.