మొహానిదా తప్పు, పౌడరుదా?

ఆగస్టు 9 వచ్చిందంటే మా ఏజెన్సీ బడుల్లో థింసా ఉండాల్సిందే. పిల్లలకు చీరలు కట్టేది, కొప్పులు ముడిచేది, మొహాలకు పౌడరు పూసేది టీచర్లమే. చాలా ఏళ్లు అందరికీ ఒకటే డబ్బా వాడాం. సంతలో దొరికేది అదే. లైట్లు వెలిగాక చూస్తే మొహాలు బూడిద పూసినట్టు, మెడలు మాత్రం వాటి రంగులో అవి. జనం నవ్వారు. మేమూ నవ్వాం.

ఒక ఏడాది ఆరో తరగతి పాప అద్దం చూసుకుని, "టీచర్, నా మొహం దీనికి సరిపోలేదా?" అంది. ఆ మాటలో తిరకాసు ఎక్కడుందో మాకు వెంటనే తట్టలేదు. పౌడరు మొహానికి సరిపోవాలి గానీ, మొహం పౌడరుకు సరిపోవడమేమిటి?

ఆ పాప ఈ లెక్క ఎక్కడ నేర్చింది? ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టారు. మరి మన స్టాఫ్ రూముల్లో మాట మారిందా? "నల్లగా ఉన్నా కళగా ఉంటుంది" అని మెచ్చుకుంటూనే ఉన్నాం. ఆ 'ఉన్నా'లోనే ఉంది అసలు సంగతి.

2017లో గాయని రిహానా తెచ్చిన ఫెంటీ బ్యూటీ ఫౌండేషన్ 40 రంగుల్లో మొదలైంది. అదీ వ్యాపారమే, మన జేబులకు అందేదీ కాదు. అయినా ఒకటి తేలింది: ఇన్ని రంగులు చేయడం చేతకాక మానలేదు, మన మొహాలు లెక్కలో లేక మానారు.

పిల్లలకు ఈ సోకులెందుకని పెద్దలు అంటారు. పసుపు, ఆముదం తప్ప ఎరగని అమ్మమ్మల మాట కొట్టిపారేయలేం. కానీ వద్దంటే ఊరుకోరు, చాటుగా రాసుకుంటారు. తెల్లబడతామని స్టెరాయిడ్ క్రీములు రాసి చర్మం పలచబడ్డ పిల్లల్ని చూశాం. ఎండ నుంచి కాపాడే మెలనిన్ గురించి సైన్సు పాఠంలో చెప్పి, సాయంత్రం దాన్నే కప్పమని డబ్బా చేతికిస్తే పిల్లలు దేన్ని నమ్మాలి?

పోయినేడాది విశాఖ నుంచి మూడు ముదురు రంగులు తెప్పించాం. చేతి మీద కాదు, దవడ పక్కన, పగటి వెలుగులో రాసి చూడాలి. మెడలో కలిసిపోతే అదే మన రంగు. నలుపంతా ఒకటి కాదని మాకూ అప్పుడే తెలిసింది. ఒకరిది పసుపు తిరిగిన నలుపు, ఒకరిది ఎరుపు తిరిగింది. వరండాలో పూటంతా పట్టింది. ఒక పాపకు మూడూ నప్పలేదు. ఏమీ పూయకుండా కాస్త నూనె రాసి వదిలేశాం.

"అయితే నన్ను వెనక పెడతారా టీచర్?" అంది.

ఎవరూ చెప్పకుండానే ఏటా కాస్త తెల్లగా ఉన్న పిల్లల్ని ముందుకు జరిపింది మేమే. థింసా ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసి గుండ్రంగా తిరిగే ఆట. పెద్దవాళ్లు ఆడేటప్పుడు అందులో ముందు వరుస ఉండదు.