కాకీ, తాటిపండూ, మోటారు సైకిలూ

స్కూటరును పక్కకు వంచి స్టార్టు చేసిన తరం మాది. ఆ రోజుల్లో బండి మొండికేస్తే వీధిన పోయే ప్రతివాడూ వైద్యుడే. ఒకాయన ప్లగ్గు ఊడదీసి బనీను అంచుతో తుడిచేవాడు. ఇంకొకాయన కార్బొరేటరు జెట్టులో నోటితో ఊదేవాడు. మూడో ఆయన చోకు లాగి చూడమని సలహా పారేసి, ఫలితం కోసం ఆగకుండా వెళ్లిపోయేవాడు. ఎవరి మందు పనిచేసిందో తెలిసేది కాదు గానీ బండి మాత్రం కదిలేది.

ఇప్పుడా వైద్యులకి గిరాకీ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలామటుకు కార్బొరేటరే లేదు. ట్యాంకులో కరెంటుతో తిరిగే చిన్న పంపు, ఇంజను దగ్గర పెట్రోలును తుంపరగా చిమ్మే ఇంజెక్టరు, సీటు కింద ఎక్కడో అరచేతిలో పట్టేంత కంప్యూటరు. గాలి ఎంత వస్తోంది, ఇంజను ఎంత వేడెక్కింది, క్రాంకు ఎక్కడ తిరుగుతోంది అని సెన్సార్లు కబుర్లు మోస్తుంటే, ఎంత పెట్రోలు చిమ్మాలో ఆ కంప్యూటరు లెక్క కడుతుంది. తేడా వస్తే మీటరులో పసుపు దీపం వెలుగుతుంది. చాలా బళ్లలో అది ఎన్నిసార్లు ఆరి వెలిగిందో లెక్కపెడితే ఏ సెన్సారు మొరపెట్టుకుంటోందో తెలుస్తుంది. తన జబ్బు పేరు తానే చెప్పే రోగి! ఇంతకంటే సుఖం ఏముందనుకున్నాను, కొన్నప్పుడు.

మా బైరెడ్డిపల్లెలో ఒక రోజు సాయంత్రం మా తమ్ముడి కొడుకు ఆ బండి అడిగి తీసుకున్నాడు. వి.కోటకు పోయి టమాటా ధర కనుక్కుని, రాత్రి తొమ్మిదింటికి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. పొద్దున్నే నేను తాళం తిప్పాను. ట్యాంకులో పంపు రెండు సెకన్లు గుయ్‌మంది. సెల్ఫ్ కొట్టాను. మీటరు దీపాలు వెలవెలబోయాయి. ఇంజను సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. ఈసారి టక్కుమని ఊరుకుంది. పసుపు దీపం మాత్రం నన్నే చూస్తోంది.

నేనింకా సీటు మీదనుంచి దిగలేదు, అప్పుడే తీర్పు రాసేశాను.

"ఏం చేసినావురా దీన్ని?"

"నేనేం చేయలే పెద్దనాయనా. బాగానే తెచ్చి నిలబెట్టినా."

"యాడన్నా పడేసినావా?"

"లేదు పెద్దనాయనా."

"పడేసినా చెప్పవులే!" అన్నాను. ఆ మాట అక్కడ అనవలసిన పనిలేదు. గోడ అవతల వాళ్లమ్మ ఉందని కూడా నాకు తెలుసు.

ఆటోలో వేసి పలమనేరు తీసుకుపోయాను. మెకానిక్కు దీపం లెక్కపెట్టి, "ఈ మధ్య బండికి ఏమన్నా చేయించినారా సార్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "మావాడు తీసుకుపోయి తెచ్చినాడు, అంతే" అని కూడా అన్నాను. "బండి పక్కకు పడితే ఇంజను ఆపేసే సెన్సారు సార్. అది చెడింది" అన్నాడు. నాకు కలిగిన ఆనందం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బండి చెడిపోయిన బాధ కంటే నా అనుమానం నిజమైన సంతోషమే ఎక్కువైంది. సీటు విప్పి, వైర్లు అటూ ఇటూ జరిపి, పాతది తీసి కొత్తది పెట్టాడు. బండి ఒక్క దెబ్బకే లేచింది. ఇంటికొచ్చి ఆ కథ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. పిల్లవాడు మా ఇంటికి రావడం మానేశాడు.

మూడో రోజు పొద్దున బండి మళ్లీ టక్కుమంది.

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణాన పండు రాలింది. కాకి బరువుకే రాలిందని కింద నిలబడ్డవాడు అనుకున్నాడు. కాకతాళీయమనే మాట అక్కడిదే. మనం ఆ మాటను రోజుకు పదిసార్లు వాడతాం గానీ, కాకిని మాత్రం వదిలిపెట్టం. నా విషయంలో కాకి రెండుసార్లు వాలింది. పిల్లవాడు ఎక్కాడు, బండి చెడింది. సెన్సారు మార్చాం, బండి బాగైంది. రెండోసారి వాలిన కాకి మొదటి కాకికి సాక్ష్యం చెప్పింది. ఇక నన్ను ఆపేదెవరు?

ఈసారి పలమనేరు పోవడానికి మొహం చెల్లక, మా ఊళ్లోనే రేకుల షెడ్డు పెట్టుకున్న కుర్రవాణ్ణి పిలిచాను. అతను పసుపు దీపం వంక చూసి, "అది అబద్ధం చెప్పదు సార్. కానీ దానికి ఏది కనిపించిందో అదే చెప్తాది. కరెంటు సరిగా అందకపోతే సెన్సార్లు తిక్క తిక్క కబుర్లు పంపుతాయి. ముందు కరెంటు చూద్దాం" అన్నాడు. చేతిలో ఉన్నదల్లా వోల్టులు చూసే మీటరు. బాటరీ బొడిపెల మీద పెట్టాడు, 12.5. నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. అంకె పదికి పైనే నిలబడింది. "బాటరీ బాగుంది" అన్నాడు. తర్వాత మీటరు ముల్లును బొడిపె మీద కాకుండా, దానికి బిగించిన ఎర్తు వైరు చివర ఆనించి మళ్లీ కొట్టమన్నాడు. అంకె ఆరుకు పడిపోయింది. బొడిపెకూ వైరుకూ మధ్య దూరం వెంట్రుకంత. పోతున్న కరెంటంతా ఆ సందులోనే పోతోంది.

బోల్టును వేలితో ఆడించాడు. ఆడింది.

"దీన్ని ఎవరు విప్పినారు సార్? ఇది కంపెనీ బోల్టు కాదే."

నేనే. మా పక్క కౌండిన్య అడవిలోంచి ఏనుగులు పొలాల మీదికి వస్తుంటాయి. రాత్రిపూట దారిలో ఎదురైతే దూరంనుంచే కనపడాలని, రెండు నెలల కింద బండికి అదనంగా ఒక లైటు నేనే బిగించుకున్నాను. అసలు బోల్టు ఎక్కడో జారిపోతే ఇంట్లో దొరికినది పెట్టాను. పలమనేరులో సీటు విప్పి వైర్లు జరిపినప్పుడు ఆ బోల్టు కాసేపు సర్దుకుంది. సెన్సారు మహత్యం అంతే.

మరి "ఏమీ చేయించలేదు" అన్నానే, అది అబద్ధమా? ఆ రాత్రంతా నన్ను పట్టుకున్న ప్రశ్న అదే. నేను దాచలేదు. లైటు సంగతి మరిచిపోనూ లేదు, రోజూ వెలిగిస్తూనే ఉన్నాను. నేను చేసింది నాకు పనిగా గుర్తుంది, కారణంగా గుర్తు లేదు. పెట్రోలులో కల్తీ, వైరు కొరికే ఎలుక, కంపెనీ, పిల్లవాడు, ఇలా అనుమానితుల జాబితా పొడుగ్గానే రాశాను. రాసేవాడి పేరు ఒక్కటే అందులో లేదు. అబద్ధమాడేవాడికి కనీసం నిజం తెలుసు. నాకు అదీ లేదు. ఈ రెంటిలో ఏది పెద్ద తప్పో నాకిప్పటికీ తేలలేదు.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారికి చిన్నప్పుడు యంత్రాలంటే ఇష్టమట. ఒకసారి తండ్రిగారి గడియారం ఊడదీసి, తిరిగి బిగించేదాకా బడికీ పోలేదు, అన్నమూ ముట్టలేదని ఆయన జీవిత చరిత్రలో రాశారు. పెద్దయ్యాక ఆయన దేశదేశాలు తిరిగి చెప్పినవాటిలో ఒకటి, చూసేవాడు తాను చూస్తున్నదానికి వేరుగా లేడని. ఋషీవ్యాలీలో చదివిన బంధువుల పిల్లల నోట ఈ మాట విన్నప్పుడల్లా, ఇదేదో ముక్కు మూసుకుని కూర్చునేవాళ్ల వ్యవహారం అనుకునేవాణ్ణి. బాటరీ బోల్టుకు కూడా వర్తిస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే కాస్త శ్రద్ధగా వినేవాణ్ణి.

షెడ్డు కుర్రవాడు సరైన బోల్టు బిగించి యాభై రూపాయలు తీసుకున్నాడు. అనవసరంగా మార్చిన సెన్సారుకు వెయ్యి పైన పోయింది. దానికి నాకంత బాధ లేదు.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లాను. మరదలు కాఫీ ఇచ్చింది గానీ పలకరించలేదు. పిల్లవాడు పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుంటున్నాడు.

"బండి బాగైందిరా" అన్నాను.

"మళ్లీ సెన్సారేనా పెద్దనాయనా?"

"కాదు. బోల్టు."

"ఏం బోల్టు?"

"నేను బిగించింది" అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను, నోట్లోంచి రాలేదు. జేబులోంచి బండి తాళం తీసి చాపాను. "పాలు దీంట్లో వేసుకుపో. పొద్దుపోయింది."

వాడు తాళం వంక చూశాడు, నా వంక చూశాడు.

"వద్దులే పెద్దనాయనా. దగ్గరే కదా" అని సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.