పందెము విడిచిన గుఱ్ఱముపట్ల యజమానుని బాధ్యత

పనిచేయజాలని ముసలి సేవకుని వీథిలోనికి గెంటుట అధర్మమని అందఱు నొప్పుకొందురు. నోరులేని సేవకుని విషయమున మాత్రము ఆ ధర్మమునకు గడువు కలదన్నట్లు ప్రవర్తింతురు. పందెపు గుఱ్ఱములను గూర్చి విచారించినచో నీ భేదము తేటపడును.

థారోబ్రెడ్ అను జాతి ప్రకృతి కల్పించినది కాదు. సుమారు 300 ఏండ్లక్రిందట ఇంగ్లండులో, ప్రాగ్దేశములనుండి తెప్పించిన మగగుఱ్ఱములను స్వదేశపు ఆడుగుఱ్ఱములతో చేర్చి, వేగమొక్కటే లక్ష్యముగా మనుష్యులు పుట్టించినది. 2 ఏండ్ల ప్రాయముననే వీనిని పందెమునకు దింపుదురు. అనేకములు 5, 6 ఏండ్లకే మైదానమును విడుచును. ఆయుర్దాయమో 25 మొదలు 30 ఏండ్లు.

1986లో అమెరికాలోని కెంటకీ డర్బీని గెలిచిన ఫెర్డినాండ్ జాతివృద్ధికై జపానునకు అమ్మబడి, అచ్చట గిరాకి తగ్గినపిమ్మట కబేళాపాలైనదని 2003లో వెల్లడియయ్యెను. 1978లో ఎఫర్మ్‌డ్, సియాటిల్ స్లూ అను మేటి గుఱ్ఱములను రెంటిని ఒకే పందెములో ఓడించిన ఎక్సెలర్, 1997లో స్వీడనులో నదే గతి పొందెను. గెలిచినవాని గతి యిట్లుండగా ఓడినదాని నడుగువారెవరు?

“నేను విక్రయించితిని, పిమ్మట జరిగినదానికి కొన్నవాడు బాధ్యుడు” అని యజమానుడనును. న్యాయస్థానములో నీ వాదము నిలువవచ్చును. విక్రయముతో స్వత్వము మారుట నిజమే. కాని బాధ్యతలన్నియు నట్లు మారునా? మైనరు సంరక్షకుడు తన సంరక్షకత్వమును బజారులో నమ్ముకొనజాలడు. ఈ గుఱ్ఱము తానై మన శాలకు వచ్చినది కాదు. మన వినోదముకొఱకు, మన సంకల్పముచేతనే పుట్టినది. ఆ యాకలిని పుట్టించినవాడు, ధర చేతబడినంతమాత్రమున దానినుండి యెట్లు విముక్తుడగును?

రోమకుడగు కేటో, తనను మోసిన యుద్ధాశ్వమును ప్రభుత్వమునకు ఓడఖర్చు తప్పించుటకై స్పెయినులోనే విడిచివచ్చెనట. ఇది ఘనతయో అల్పత్వమో చదువరులే తేల్చుకొందురు గాక యని ప్లూటార్కు విడిచిపెట్టెను గాని, దేవాలయ నిర్మాణమున శ్రమించిన కంచరగాడిదలను ఏథెన్సువారు స్వేచ్ఛగా మేయ విడిచిరని జ్ఞాపకము చేయుట మానలేదు.

అయితే “ఎవరికైన నుచితముగా నిచ్చివేయుదము” అనుట దయ కాదు. ఉచితపు గుఱ్ఱమునకు మాంసపు వర్తకుడే ముందుగా వచ్చును. అమెరికాలో గుఱ్ఱపు కబేళాలు 2007లో మూతపడినను, మెక్సికో, కెనడాలకు ఎగుమతి ఆగలేదు.

పందెపు గుఱ్ఱము దినములో నెక్కువభాగము కొట్టములో గడిపి, దాణా మెండుగా తిని, పరుగొక్కటే నేర్చినది. మొదట దానిని తోడిగుఱ్ఱములతో పచ్చికబయలున కొన్ని నెలలు విడువవలెను. పశువైద్యుడు పరీక్షించి, అది స్వారికి తగునో, మేసి బ్రదుకుటకు మాత్రమే తగునో ఉన్నమాట చెప్పవలెను. లోపము దాచి యొప్పగించిన గుఱ్ఱము త్వరలోనే మరల సంతకు వచ్చును. పిమ్మట నెమ్మదిగా నడచుట, నిలుమన్న నిలుచుట నేర్పవలెను. తీసికొనువానికి 450, 500 కిలోల జంతువును మేపి, 4 మొదలు 8 వారముల కొకసారి గిట్టలు సరిచేయించు స్తోమత యుండవలెను. మరల విక్రయింపరాదనియు, పోషింపలేనిచో తమకే తిరిగి యీయవలెననియు ఇచ్చువారు షరతు వ్రాయించుకొనుట మేలు. దస్తావేజులు వ్రాయుట వృత్తిగా గలవాడను గనుక కాబోలు, నాకు షరతులపై గుఱి హెచ్చు. అయినను అప్పుడప్పుడు పోయి చూచువాడు లేనిచో అదియు ఉత్త కాగితమే.

ఇది అసాధ్యము కాదు. 1983లో అమెరికాలో నేర్పడిన థారోబ్రెడ్ రిటైర్మెంట్ ఫౌండేషన్, న్యూయార్కు రాష్ట్రమందలి వాల్‌కిల్ కారాగారమున ఖైదీలచేత నిట్టి గుఱ్ఱములను సాకించెను. లోకము వలదన్న యిరువురును ఒకరికొకరు పనికివచ్చిరి. ఇట్టి యాశ్రయములను పరీక్షించి గుర్తింపు నొసగుటకు 2012లో థారోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయెన్స్ వెలసెను.

మన దేశమున గుఱ్ఱపు పందెము జూదము కాదనియు, ప్రధానముగా నైపుణ్యముపై నాధారపడినదనియు 1996లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. ఆ నైపుణ్యములో గుఱ్ఱపు పాలెంతయో ఎవరును వాదింపలేదు! 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును నిష్కారణముగా విడిచిపెట్టుట నేరమనుచున్నది. అమ్ముట విడిచిపెట్టుట కాదు గనుక యజమానుడు తప్పించుకొనును. కావున పిల్ల పుట్టి పేరు నమోదైన నాడే కొంత రుసుమును, గెలుపుసొమ్మునుండి కొంత భాగమును విశ్రాంతినిధికి చేర్పవలెనని నా యభిప్రాయము. ఓడిన గుఱ్ఱము ఏమియు నార్జింపదు గనుక, ఆ నిధి యొక్కొక్క గుఱ్ఱము పేర గాక, మైదానమునకు దిగువాని కన్నిటికి నుమ్మడిగా నుండవలెను.