ఇంజను మార్చిన అంబాసిడరు

పాత అంబాసిడరు కారునుండి అరిగిపోయిన ఇంజనును దింపి, ఎన్నో యేండ్ల తరువాతి మాడలునుండి తీసిన ఇంజనును దానిలో కూర్చి, కోనసీమ కాలువగట్ల మీద మఱికొంతకాలము నడిపించుట రాజమహేంద్రవర ప్రాంతపు మెకానిక్ షెడ్లకు క్రొత్తపని కాదు. ఉత్తరపారా కర్మాగారమునుండి 2014 వఱకు వెలువడిన ఆ కారు, బాహ్యాకృతి యంతగా మాఱకయే లోపల పలుమాఱులు మాఱినది గనుక ఈ పని సాధ్యమగుచున్నది. సాధ్యమే గాని సులభము గాదు. ఇసుజు వారి 1817 సి.సి. ఇంజనును పూర్వపు మాడలులో నిలుపవలెనన్నచో మౌంటింగులు సవరింపవలెను. దానితోడి యైదు గేర్ల పెట్టెను తేవలెను. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచూడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి రవాణాధికారుల యనుమతియు కావలెను. అటుపై ఆర్‌సి పుస్తకమున ఇంజను నంబరు మాఱును, ఛాసిస్ నంబరు మాఱదు.

ఇప్పుడది ఆ కారేనా? ఈ ప్రశ్న కాలక్షేపమునకు వేసినది కాదు. దేహమును నేనని తలంచు ప్రతివానికిని ఇది తగులును.

శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, బుద్ధిని సారథిగను, ఆత్మను రథికునిగను కఠోపనిషత్తు నిరూపించినది. ఇంజను కారునకు ప్రాణమని మనమందుము. అంతటితో ఆగక, ప్రాణమే ఆత్మయని భ్రమించి, ఇంజనుతోపాటు కారే మాఱిపోయినదని శంకింతుము. తైత్తిరీయోపనిషత్తు అట్లు భ్రమింపలేదు. అన్నమయకోశమునకు లోపల ప్రాణమయమును చూపి, అచ్చట నిలువనీయక, మఱి మూడు కోశములను దాటించినది. ఇంజను గుఱ్ఱముల స్థానమున నున్నదే గాని, రథికుని స్థానమున లేదు.

మన సీమలోనే యిందులకు నిదర్శనమున్నది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వారి దారురథము 2020 సెప్టెంబరులో దగ్ధమైనప్పుడు జనులు పడిన వేదన యింకను నా మనస్సున మెదలుచునే యున్నది. 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవములకు నూతన రథము సిద్ధమైనది. కొయ్య వేఱు, చక్రములు వేఱు. అయినను భక్తులకది స్వామివారి రథమే. ఆ యేకత్వము కొయ్యనుండి వచ్చినది కాదు, అధిరోహించు స్వామినుండి వచ్చినది.

కారు అమ్ముడుపోయి యజమానియు మాఱినచో నేమందువని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. చక్రములు, ఇరుసు, నొగ విడదీసి చూచినచో రథమనునది పేరు మాత్రమేయని మిళిందరాజునకు బౌద్ధభిక్షువగు నాగసేనుడు బోధించెను. కారు విషయమున నేనాతని పక్షమే. దానికి స్వకీయమగు ఏకత్వము లేదు, ఉన్నది మనమిచ్చినదే. అయితే ఇచ్చుచున్న మనముకూడ పేరు మాత్రమే యనినచో నేనంగీకరింపజాలను. అన్నియు క్షణమాత్రమే నిలుచునను బౌద్ధుల క్షణికవాదమును శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున స్మృతిబలముతోడనే, అనగా జ్ఞాపకముయొక్క బలముతోడనే, నిరసించిరి. షెడ్డులో తాళము త్రిప్పగనే డ్రైవరు చెవియొగ్గి "చప్పుడు మాఱినది" అనును. పాత చప్పుడు విన్నవాడొకడును, క్రొత్తది వినుచున్నవాడు వేఱొకడును అయినచో ఆ మాట పుట్టుటకే వీలులేదు.