మంట దగ్గర మాట

గాజు పూసల తయారీ నేర్పుతానని మానుకోటలో బోర్డు పెట్టుకున్నాను గానీ, నేర్పుతున్నది ఏమిటో నాకే తేలడం లేదు. సువ్వకు మట్టిపూత పెట్టి ఆరనివ్వమంటాను. గాజు కడ్డీని ఒక్కసారిగా మంటలో దూర్చితే చిట్లి ఎగురుతుంది, అంచున మెల్లగా కాచమంటాను. ఇవన్నీ పని మొదలుకాక ముందటి మాటలు. కడ్డీ కొస కరిగి, తేనెలా సాగుతూ సువ్వకు చుట్టుకునేటప్పుడు నా ప్రతి మాటా ఆలస్యమే. "తిప్పు" అనేలోపే ముద్ద ఒక పక్కకు జారిపోయి ఉంటుంది.

జనగామ పక్కన పెంబర్తిలో ఈ తిప్పలు లేవు. లక్క మీద అతికించిన ఇత్తడి రేకుపై శిష్యుడు ఉలితో నగిషీ కొడుతుంటే, పెద్దాయన మధ్యలో ఆపి పట్టు సరిచేయొచ్చు, చాయ్ తాగి వచ్చి మళ్లీ చూడొచ్చు. ఇత్తడి ఆగుతుంది. గాజు ఆగదు.

మరి ఆగని గాజు చేతికి ఎలా పట్టుబడుతుంది? కులవిద్య రక్తంలోనే ఉంటుందనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో ఇనుప గొట్టానికి పట్టించిన గాజు ముద్దలోంచి బోలు తీగ లాగుతారు. దాన్ని ముక్కలు చేసి, బూడిదలో కలిపి మళ్లీ కాచి అంచులు నున్నబరుస్తారు. రెండు వేల ఏళ్ల కిందట అరికమేడు రేవుపట్నంలోనూ ఇలా లాగిన పూసలే చేశారు. అలాంటివి ఓడలెక్కి ఆగ్నేయాసియా దాకా పోయాయి. పాపానాయుడుపేట పనివాళ్లకు ఒడుపు వచ్చింది రక్తంతో కాదు, ఏళ్ల తరబడి కొలిమి పక్కన మసలడంతో. సరే, మరి నా దగ్గరికి వారానికోసారి వచ్చేవాళ్ల సంగతి? నా వాదనే నా క్లాసు మూయించేట్టుంది.

తండా నుంచి వచ్చే ఒకమ్మాయి మొదటి పూసనే గుండ్రంగా తిప్పింది. మంట వైపు సరిగా చూడను కూడా లేదు.

"చూసుడెందుకక్కా? బరువు ఎటు పోతున్నదో వేళ్లకు తెలుస్తలేదా?"

"ఏడ నేర్చుకున్నవ్?"

"ఏమో."

నేను నేర్పలేదన్నది మాత్రం ఖాయం. కానీ పూస ఎరుపు తగ్గగానే నీళ్లలో ముంచబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. పైన చల్లబడి లోపల వేడిగా ఉంటే గాజు పగులుతుంది. దాదాపు 500 డిగ్రీల బట్టీలో కాసేపు ఉంచి నిదానంగా చల్లార్చాలి. లేకుంటే నిక్షేపంగా కనబడే పూస కూడా, దండలో గుచ్చాక ఒకనాడు ఊరికే రెండు ముక్కలవుతుంది. గాజు లోపల మిగిలిపోయే ఆ బిగువు ఎంత నేర్పరి వేళ్లకూ అందదు. అది ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

అంత చిన్న మాటకు నెల ఫీజు తీసుకోవచ్చా అన్నది వేరే లెక్క. సిలిండర్ ధర చూస్తే మాత్రం తీసుకోక తప్పదు.