కొంగ నిలబడటం, నాచు ఉండిపోవడం

తగరపువలస దగ్గర గోస్తనీ వంతెన మీంచి చూస్తే, నీటి అంచున చెరువు కొంగ ఒక పట్టాన కనిపించదు. చారల మట్టిరంగు ఒళ్లు బురదలో కలిసిపోతుంది. ఎగిరినప్పుడే రెక్కల తెలుపు బయటపడుతుంది. నాకు చిన్నప్పట్నించీ స్వేచ్ఛంటే ఆ తెలుపే. అందుకే కాబోలు, ఇల్లు కదలని మా అమ్మని ఒక వ్యాసంలో నూతి గట్టు మీది నాచుతో పోల్చాను.

అమ్మ చదివి, "నాచు మీద జారిపడేది తొక్కినవాళ్లే కదే" అంది.

ఆ మాట గుచ్చుకుని వృక్షశాస్త్రం పుస్తకం మళ్లీ తీశాను. కాలేజీలో చదివిన ఫ్యునేరియా హైగ్రోమెట్రికా. పాతుకుపోయిందని మనమనుకునే నాచుకి అసలు వేళ్లే లేవు. సన్నని పోగులతో నేలని పట్టుకుంటుంది. ఎండితే ముడుచుకుని, తడి తగిలితే విచ్చుకుంటుంది. సిద్ధబీజాలని మోసే కాడ తల్లిమొక్క మీదే నిలబడి, చాలావరకు దాని ఆహారంతోనే పెరుగుతుంది. సిద్ధబీజాలు మాత్రం గాలిలో ఎటో వెళ్లిపోతాయి. నేనూ అలాగే వెళ్లాను.

మరి కొంగ? ఎగిరే ఆ పక్షి చేప కోసం ఎంతోసేపు కదలకుండా నిలబడుతుంది. లోకం దాన్ని కొంగజపమని వెక్కిరిస్తుంది. అంటే కదలడం స్వేచ్ఛ, కదలకపోవడం బానిసత్వం అనే నా కొలత రెండింటికీ సరిపోలేదు.

అలాగని నాచు ఓర్పుని పొగడలేను. స్త్రీల ఓర్పుని పొగిడి పొగిడే కదా పితృస్వామ్యం ఇన్నాళ్లూ బతికింది! అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయంలో ఆగి, కొంత విశాఖ కుళాయిలకి వెళ్లి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీరు తగ్గిన ఏడు కొంగ మరో చెరువు వెతుక్కుంటుంది. నాచు ఎండి, వాన కోసం చూస్తుంది. రెండూ తడి మీదే బతికినా, ఎండాకాలం రెండింటికీ ఒకటి కాదు.

కనక అడగాల్సింది ఎవరు కదిలారు, ఎవరు ఉండిపోయారు అని కాదు. ఉండిపోయినవాళ్లకి లేచి వెళ్లే వీలుందా అని. నాచుకి ఆ ప్రశ్న అక్కర్లేదు, అది నాచుగానే సంపూర్ణం. మనిషికి అక్కర. అమ్మ ముడుచుకున్న రెక్కలతో నిలబడిందో, రెక్కలే మొలవనివ్వలేదో పోలిక రాసేముందు నేను అడగలేదు. స్త్రీల తరఫున రాస్తున్నాననుకుంటూ, ఒక స్త్రీ జీవితానికి ఆమెని అడక్కుండానే అర్థం చెప్పేశాను.

ఈసారి వెళ్లినప్పుడు అడగాలి. జవాబు నా వ్యాసానికి పనికిరాకపోయినా సరే.