ఒక్క తూకమున నిలుచుట

యాలాల ప్రాంతపు రైతు తన కందులను తాండూరు మార్కెట్టునకు గొనిపోయి త్రాసు ముందు నిలిచినప్పుడు ముల్లు తన వైపునకు మొగ్గవలెనని కోరును. ముష్టియోధుడో, తానే త్రాసు నెక్కి, ముల్లు గీటు దాటకుండవలెనని కోరును. తమ వృత్తిజీవితము నంతయు నొకే తూకపు తరగతిలో గడపిన యోధులను గూర్చి యాలోచించునపుడు నాకు మొదట తోచిన భేద మిది. ఇట్టివారిని కొందఱు సంతుష్టు లందురు. కొందఱు సాహసహీను లందురు. ఈ రెంటిలో నేది న్యాయము?

అమెరికా దేశీయుడగు మార్విన్ హాగ్లరు 1973 మొదలు 1987 వఱకు 67 పర్యాయములు బరిలోనికి దిగెను. 160 పౌనుల మితిగల మధ్యతరగతియే ఆయన కార్యక్షేత్రము. 1980లో లండను నగరమున ప్రపంచవిజేతయై, ఆ బిరుదమును దాదాపు ఏడేండ్లు నిలుపుకొనెను. తుదకు ఆయన నోడించిన షుగర్ రే లెనార్డు ఐదు తరగతులలో బిరుదములు గొన్నవాడు. ఎన్ని మెట్లెక్కెనో లెక్కించుట సులభము గనుక లోకము లెనార్డునే సాహసి యనును. కాని యిరువదేండ్లు నిండని బాలుని శరీరమును ముప్పది దాటిన పురుషుని శరీరమును ఒకే గీటులోపల నుంచుట విశ్రాంతియా? వానకాలమున కాగ్నానదిలో నొక్కచోట నిలిచి స్నానము చేయ యత్నించినవారు దీనికి జవాబు చెప్పగలరు. కదలక నిలుచుటకే కాళ్ళు ఎడతెగక పనిచేయవలెను.

అయినను ఈ నిగ్రహమును నేను మితి లేక పొగడజాలను. తూకమునకు ముందు నీరు మాని, చెమటతో బరువు దించుకొను అలవాటు ఈ విద్యలో చిరకాలముగ నున్నది. పెరుగు వయసు బిడ్డ యిట్లు దాహముతో పరుగిడుచుండ, అది తపస్సని మురియు తల్లిదండ్రులు పొరబడుచున్నారు. పెద్దవాడు తెలిసి వహించు నియమము వేఱు. ఎదుగు నెముకలపై పెద్దలు మోపు నియమము వేఱు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు మల్లయోధురాలు వినేశ్ ఫోగట్ 50 కిలోల తుదిపోరు నాటి యుదయమున 100 గ్రాముల హెచ్చుచే అనర్హురాలయ్యెను. ఆ రాత్రి ఆమె దేహము పడిన శ్రమను దేశమంతయు విని నివ్వెఱపోయినది.

“తరగతి” యను మాట వినగానే మనదేశమున మనసు కలుక్కుమనును. పుట్టుకతో నంటించిన తరగతులకు మనము చిరకాలము తలవంచితిమి. యోధుని తరగతి అట్టిది కాదు. త్రాసు కులము నడుగదు, తండ్రి పేరు నడుగదు, నిన్నటి తూకమును సైతము నమ్మదు. బలహీనుని బలవంతునికి ఎరవేయకుండుటకే యది పుట్టినది. కాని గీటులు గీయువారు మనుష్యులే కదా! 2012లో స్త్రీల ముష్టియుద్ధమును ఒలింపిక్ క్రీడలలో తొలిసారి చేర్చినప్పుడు వారికి మూడే తరగతు లిచ్చిరి. 48 కిలోలలో ప్రపంచవిజేత యైన మేరీ కోమ్ అందుచేత 51కి ఎక్కవలసి వచ్చెను. మన నిజామాబాదు ఆడుబిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను; పారిస్ క్రీడలలో ఆ తరగతి లేదు గనుక 50కి దిగి, 2023లో అందును ప్రపంచవిజేత యయ్యెను. ఇట్టివారిని చంచలు లనుట అన్యాయము. తమ చోట నిలుచు భాగ్యమే వారికి లేకపోయినది.

ఆ యూరివాడే మహమ్మద్ హుసాముద్దీన్. 2018లో గోల్డుకోస్టు కామన్వెల్తు క్రీడలయందు 56 కిలోల తరగతిలో కాంస్యపతకము పొందెను. 2022లో బర్మింగుహామునందు 57 కిలోల తరగతిలో మఱల కాంస్యమే. పట్టిక చూచువారికి ఆయన తరగతి మార్చినట్లుండును. నిజమునకు నియమకర్తలు 56ను తొలగించి 57ను నెలకొల్పిరి. గీటు కదలినది, మనిషి యున్నచోటనే యున్నాడు. 2023లో తాష్కెంటు ప్రపంచపోటీలలో ఆ 57 కిలోలలోనే సెమీఫైనలు చేరెను. తూకము కాక మోకాటి గాయము అడ్డుపడగా, ఆ పోరునకు దిగకయే కాంస్యముతో ఇంటికి మరలెను.